ద్రష్ట గారి పదకొండు గోడలు

సోమవారం పొద్దున ఎనిమిది కొట్టకముందే పెయింటర్ సాల్మన్‌ను పోలీసు జీపు ఎక్కించారు. అప్పుడే పనికి బయలుదేరి, దేశాయిపేటలోని తన ఇంటి ముందు సైకిల్ స్టాండు తీస్తున్నాడు. ఒక చేతిలో నీలం రంగు డబ్బా ఉంది, చొక్కా జేబులో కుంచె ఉంది.

"డబ్బా ఇంట్ల పెట్టివస్త సార్," అన్నాడు.

"వద్దొద్దు, పట్టుకొనే ఎక్కు. అది గూడ సాక్ష్యమే," అన్నాడు కానిస్టేబుల్ రాజమల్లు.

"నేనేం చేసిన సార్?"

"నువ్వేం చేసినవో పోచమ్మ మైదాన్ కాన్నుంచి హన్మకొండ చౌరస్తా దాంక పదకొండు గోడలు చెప్తానయి. మల్ల నన్నడుగుతానవా? ఎక్కు."

జీపు కదిలేముందు సాల్మన్ వెనక్కి తిరిగి చూశాడు. తలుపు రెక్క పట్టుకుని భార్య మార్తమ్మ నిలబడి ఉంది. కుడికాలు గడప మీదికి వచ్చింది. అక్కడే ఆగింది. మొగుణ్ణి పోలీసులు పట్టుకుపోతుంటే కూడా ఆ కాలు గడప దాటలేదు.

పద్నాలుగు నెలలుగా దాటలేదు.

సాల్మన్‌కు పోలీసుల భయంకన్నా ఆ కాలు చూసిన బాధే ఎక్కువైంది. ఎందుకంటే మొన్న శుక్రవారమే అది మొదటిసారి గడపదాకా వచ్చింది. ఇంకొక్క శుక్రవారం, కాకపోతే ఇంకో రెండు అని అతను ఆశ పెట్టుకున్నాడు. ఆ శుక్రవారాలన్నీ ఒక్క మనిషి చేతిలో ఉన్నాయి. ఠాణాలో ఇప్పుడు అడగబోయేది ఆ మనిషి పేరే.

ద్రష్ట కిషన్ రావు.

'ద్రష్ట' అన్నది ఎవరో ఇచ్చిన బిరుదు కాదు. ఆయనకు ఆయనే పెట్టుకున్నాడు. ఆ యేడు, అంటే 1981 ఎండాకాలంలో, హనుమకొండ చౌరస్తా దగ్గర గడియారాల షాపు మీది గది అద్దెకు తీసుకుని, బోర్డు రాయించడానికి సాల్మన్‌ను పిలిపించాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. మండుటెండలో నల్లకోటు. మాట ముగియగానే పిడికిలితో బల్లమీద ఒక్క దెబ్బ వేసే అలవాటు.

"రాసుకో," అన్నాడు. "ద్రష్ట కిషన్ రావు. వ్యవస్థాపకులు, వెలుగుబాట వ్యక్తిగత శిక్షణాలయం. బొంబాయి, కొలంబో, లండన్." టక్!

"లండన్ల గూడ ఉన్నదా సార్ మన ఆఫీసు?"

"ఉంటది."

"ఎప్పుడు?"

"ద్రష్ట అంటే ఎవరు సాల్మన్? రేపటిది ఇయ్యాల చూసెటోడు. నేను చూసిన. నువ్వు రాయి." టక్!

"మీరు చూసిన్రు గనీ సార్, బోర్డు మీద జాగ లేదు. లండన్ పెడితే మీ పేరు చిన్నగైతది."

కిషన్ రావు చాలాసేపు ఆలోచించి లండన్‌ను వదులుకున్నాడు.

అప్పటికి ఊళ్లో శిక్షణ అంటే టైపు, షార్ట్‌హ్యాండ్, పదో తరగతి తప్పినవాళ్ల ట్యుటోరియల్. ఇది అదేమీ కాదట. పుస్తకం ఉండదు, పరీక్ష ఉండదు. ఒక మనిషికి ఒక గంట. ఆ గంటలో ఆ మనిషి బతుకు దారిన పడుతుందట. 'వేలమందిని గమ్యానికి చేర్చిన అనుభవం' అని కరపత్రం కూడా గులాబీ కాగితం మీద అచ్చువేయించాడు. కింద గడియారాల షాపువాళ్లు అది చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

బోర్డు పూర్తయ్యాక కిషన్ రావు గొంతు తగ్గించి అన్నాడు: "సాల్మన్, ప్రచారం లేనిది ఏ పనీ నిలవడదు. నాకు గోడలు రాయాలె. పైసలు మాత్రం ఇప్పుడు లేవు. దానికి బదులు, మీ ఇంట్ల ఎవరికన్న వారానికో గంట నేనిస్త."

వద్దని చెప్పడానికే సాల్మన్ నోరు తెరిచాడు. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది. "మా ఇంటామె ఉన్నది సార్."

తర్వాత ఆగలేదు. ఎవరికీ చెప్పనిదంతా చెప్పేశాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఆడపిల్ల పుట్టింది. పంతొమ్మిదో రోజు జ్వరంతో పోయింది. వాళ్ల వాడలో, చర్చికి పోయేవాళ్లయినా గుడికి పోయేవాళ్లయినా, బాలింత ఇరవై ఒకటో రోజు దాకా గడప దాటదు. ఆ రోజు వాడలోని పెద్దామె ఎవరైనా వచ్చి, చెయ్యి పట్టుకుని, ఒళ్లో బిడ్డతో సహా గడప దాటిస్తుంది. అక్కణ్ణుంచి సాల్మన్‌వాళ్లయితే నేరుగా చర్చికి పోతారు. ఆ రోజు ఇంకా రెండు రోజులుందనగా బిడ్డ పోయింది. చిన్న పెట్టెను మగవాళ్లు మోసుకుపోయారు. బాలింత కాబట్టి మార్తమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. ఇరవై ఒకటో రోజు వచ్చింది. ఎవరూ తలుపు తట్టలేదు. చేతిలో బిడ్డ లేకుండా గడప ఎట్లా దాటిస్తారు? నెల తర్వాత అందరూ "ఇగ బయటికి రావే" అంటే, ఆమె "నన్ను ఎవరు తీస్కపోతరు?" అన్నది. తర్వాత ఆ మాట కూడా మానేసింది. పాస్టరు ప్రార్థన చేశాడు. దవాఖానలో బలానికి గోలీలు ఇచ్చారు. ఏడాది గడిచింది.

సాల్మన్ చెప్పడం ఆపాడు. బల్లమీద టక్ అని వినపడుతుందని ఎదురుచూశాడు. వినపడలేదు.

"శుక్రవారం నాలుగు గంటలకు వస్త," అన్నాడు కిషన్ రావు మెల్లగా.

వచ్చాడు. పరాయి మగవాడి ముందు మార్తమ్మ కూర్చోనంది. ఆయన ఏమీ అనుకోలేదు. వీధివైపు అరుగు మీద, కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె లోపల, ఊచలకు అవతల. ఆయన కోటు సర్దుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు: "ఎక్కడికి పోవాలెనమ్మా?"

ఆమె పలకలేదు. ఆయన మళ్లీ అడగలేదు. గంటసేపు వీధిలో పోయే మేకలను చూస్తూ కూర్చున్నాడు. అయిదు కాగానే లేచి, "మంచిది. ఈ బండి పోనియ్యండి. వచ్చే శుక్రవారం ఇంకోటి ఉన్నది," అని వెళ్లిపోయాడు.

సాల్మన్‌కు ఒళ్లు మండింది. బొంబాయి, కొలంబో తిరిగి నేర్చుకున్న విద్య ఇదేనా? పక్కింటి మొగిలమ్మయితే చేతులు తిప్పుతూ అననే అంది: "ఏం దొరికిండు కొడుకా నీకు! మేకలు గాసెటోడు గూడ నాలుగు మాటలు మాట్లాడుతడు."

రెండో శుక్రవారం అదే ప్రశ్న. మూడోసారీ అదే. నాలుగోసారి ఊచల అవతలినుంచి గొంతు వినపడింది. "ఎక్కడికీ లేదు."

"మంచిది. ఈ బండి పోనియ్యండి."

అయిదో శుక్రవారం ఆమె, "ఒక కాడికి ఉన్నది. గనీ పోలేను," అన్నది.

"అయితే టికెట్ మీ తాననే ఉంచుకోండి. ఎప్పుడన్న పనికొస్తది."

ఆ వారమే మార్తమ్మ తలంటుకుంది. తర్వాతి వారం పాలలో నీళ్లు కలిపినందుకు పాలవాణ్ణి కిటికీలోంచి దులిపేసింది. ఆ తిట్లు వింటూ సాల్మన్ పెరట్లో నిలబడి, పాట వింటున్నవాడిలా కళ్లు మూసుకున్నాడు. ఎనిమిదో శుక్రవారం చాయ్ గ్లాసు కిటికీలోంచి ఇవ్వలేదు. తలుపుదాకా తెచ్చింది. కాలు గడప మీద పడింది. కిషన్ రావు లేచి వెళ్లి గ్లాసు అందుకున్నాడు. గడపవైపు చూడనట్టే ఉన్నాడు.

అదే సాయంత్రం సాల్మన్ చేతిలో కాగితం పెట్టాడు. "ఇగ ప్రచారం మొదలువెడుదాం. పదకొండు గోడలు. ఈ మూడు మాటలు ఎర్రగ, పెద్దగ కొట్టు. పేరు, అడ్రసు కింద నీలంతోని."

మూడు మాటలివి: మేలుకో! గడప దాటు! నీ రోజు వచ్చింది!

సాల్మన్ పనికి ఒక పద్ధతుంది. రెండు రంగులుంటే ప్రతి గోడ దగ్గరా రెండూ వేయడు. మొదట ఒక రంగుతో అన్ని గోడలూ తిరిగి వస్తాడు. మళ్లీ మొదటి గోడనుంచి రెండో రంగుతో బయలుదేరతాడు. కుంచె కడిగే పని తప్పుతుంది, ఎరుపు ఆరకముందే నీలం పడి మసక కావడమూ ఉండదు. సబ్బులకూ, సినిమాలకూ, ఎలక్షన్లకూ పదిహేనేళ్లుగా అట్లాగే రాశాడు. శనివారం పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళదాకా పదకొండు గోడలకూ ఎరుపు పూర్తిచేశాడు. తెల్లారితే ఆదివారం. ఆదివారం సాల్మన్ కుంచె ముట్టడు. చర్చి గోడల మీద వాక్యాలు రాసిన వాళ్ల నాయన కూడా ముట్టలేదు. నీలం సోమవారానికి పెట్టుకున్నాడు.

సగం రాసిన సబ్బు ప్రకటన చూసి ఎవరూ జడుసుకోరు. కానీ ఆ రోజుల్లో వరంగల్ గోడల మీద, కింద ఏ పేరూ లేకుండా, ఎర్ర అక్షరాలతో 'మేలుకో' అని కనపడితే ఊరంతటికీ ఒక్కటే తోస్తుంది. అడవిలోని అన్నలు రాశారు. ఆదివారమంతా ఊరు ఆ పదకొండు గోడలనూ గుసగుసగా చదువుకుంది. ఒకాయన తన గోడ మీదిది కనపడకుండా నిచ్చెన వేసి దుప్పటి ఆరేశాడు. దుప్పటి కింద ఏముందోనని జనం మరీ ఎక్కువ వచ్చారు.

ఇదీ సాల్మన్ జీపెక్కడానికి వెనక జరిగింది.

ఠాణాలో ఎస్సై కొత్తగా వచ్చినవాడు. పాతికేళ్లు దాటి ఉండవు. ఆదివారం ఉదయంనుంచీ పైఅధికారుల ఫోన్లు మోసి మోసి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎవరు రాయించారు?"

"అది సగమే సార్. ఇంక నీలం వెయ్యాలె. నీలం పడితే మీకే సమజైతది."

"సగంలో ఎందుకు ఆపావు?"

"ఆదివారం వచ్చింది సార్."

"ఆదివారమా!" ఎస్సై బల్ల చరిచాడు. "పదకొండు గోడలమీద జనాన్ని ఇళ్లు వదిలి రమ్మని రాసి, ఆదివారమని విశ్రాంతి తీసుకున్నావా? కథలు నాకు చెప్పకు. ఎవరు రాయించారు? పేరు చెప్పు."

సాల్మన్ నీలం డబ్బా వైపు చూశాడు. పేరు చెబితే జీపు హనుమకొండకు పోతుంది. శుక్రవారం నాలుగు గంటలకు కిటికీ పక్కన అరుగు ఖాళీగా ఉంటుంది. మార్తమ్మ కాలు మళ్లీ లోపలికి పోతుంది. ఈసారి పోతే ఇక రాదు.

"చెప్పవా? పన్నెండు గంటలకు పెద్దాఫీసుకు పంపిస్తాను. అక్కడ వాళ్లు అడిగే తీరు వేరేగా ఉంటుంది."

అప్పుడు వరండాలో చెప్పుల చప్పుడైంది. నల్లకోటు తలుపు దగ్గర నిలబడింది.

"ఆ మాటలు నావి సార్," అన్నాడు కిషన్ రావు. "పెయింటర్‌కు ఏం తెల్వదు. బజార్ల విన్న, రిక్షా మాట్లాడుకొని వచ్చిన."

ఎస్సై ఆయన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు. "మీరెవరు?"

"ద్రష్ట కిషన్ రావు. వ్యవస్థాపకులు, వెలుగుబాట..." అంటూ జేబులోంచి గులాబీ కరపత్రం తీసి బల్లమీద పెట్టాడు. టక్!

ఎస్సై చదివాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి. "వేలమందిని గమ్యానికి చేర్చారా? ఏ గమ్యానికి?"

కిషన్ రావు కరపత్రాన్ని వెనక్కి తీసుకోబోయాడు.

"మిమ్మల్నే. వేలమందిని ఎక్కడికి పంపారు?"

"కాజీపేటకు," అన్నాడు కిషన్ రావు నీరసంగా. "సికింద్రాబాదుకు. డోర్నకల్లుకు. బెజవాడకు."

"అక్కడ ఎవరున్నారు?"

"స్టేషన్లున్నయి సార్. నేను స్టేషన్ ఘన్‌పూర్ల ఇరవై ఆరేండ్లు టికెట్లు ఇచ్చిన."

రాజమల్లు గబుక్కున గోడవైపు తిరిగాడు. వీపు కదులుతోంది.

సాల్మన్‌కు మాత్రం నవ్వు రాలేదు. మాట ముగియగానే పడే ఆ టక్ ఏమిటో అప్పుడు తెలిసింది. టికెట్ మీద తేదీ కొట్టే దెబ్బ అది. ఇరవై ఆరేళ్లు కొట్టిన చెయ్యి ఊరుకోలేక కొడుతోంది.

"మరి బొంబాయి?" అన్నాడు ఎస్సై.

"ఒక్కసారి పోయిన సార్. సముద్రం చూసి వచ్చిన."

"కొలంబో?"

"రేడియోల విన్న."

"ఎందుకయ్యా ఈ వేషం, ఈ వయసులో?"

కిషన్ రావు కోటు గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. మళ్లీ మాట్లాడినప్పుడు ద్రష్ట గొంతు కాదది. "కిటికీ కాడికి వచ్చి, ఎక్కడికి పోవాలెనో తెల్వక నిలవడేటోళ్లు దినాం ఒకరన్న ఉంటరు సార్. ఎనక లైను ఉంటది. బండి టైమైతది. పక్కకు జరుగు అంటం. ఒక పొద్దు ఒకామె వచ్చింది. ముప్పయేండ్లు ఉండచ్చు. ఎక్కడికి అని అడిగితే ఊకె చూస్తాంది. పక్కకు జరుగమ్మా అన్న. జరిగింది. బండి పోయినంక చూస్తే లేదు. ప్లాట్‌ఫారమంత దేవులాడిన. మల్ల కనవడలే. ఆమెకు ఒక గంట ఇయ్యకపోతి గద అని అప్పటి సంది మనసుల ఉండె. రిటైరయినంక ఈ కొట్టు పెట్టిన. ఊకె టికెట్ల కిషన్ రావు అంటే ఎవరొస్తరు సార్? అందుకని ద్రష్ట అని పెట్టుకున్న."

ఎస్సై గొంతు కొంచెం దిగింది. "చూడండి, నేను నమ్మినా పైవాళ్లు నమ్మాలి కదా. మీ దగ్గర శిక్షణ తీసుకున్నవాళ్లు ఎవరైనా వచ్చి, ఇది ఇదీ అని చెబితే కాగితం రాసుకుని వదిలేస్తాను. ఎంతమంది ఉన్నారు ఇప్పటికి?"

"ఒక్కరు."

"ఒక్కరా? ఆ ఒక్కరి పేరు చెప్పండి. జీపు పంపిస్తాను."

"చెప్ప సార్."

"అదేమిటి?"

"బొంబాయి అబద్ధమే, కొలంబో అబద్ధమే. గనీ కిటికీ కాడ చెప్పుకున్నది కిటికీ కాడనే ఉంటది. పేరు గూడ అంతే. మీరు జీపు పంపితే ఆ ఒక్క మనిషి జడుసుకుంటది."

"మరి ఈ 'గడప దాటు' ఎవరికి రాయించారు?"

ఒక్క క్షణం కిషన్ రావు చూపు సాల్మన్ మీద పడి పక్కకు తొలగింది. సాల్మన్ శనివారమంతా పదకొండుసార్లు ఆ మాటలు తన చేత్తో రాశాడు. ఒక్కసారీ చదవలేదు. మేలుకో. గడప దాటు. నీ రోజు వచ్చింది. అవి ఊరికోసం రాయించినవి కావు. ఊరంతా రాస్తే ఎవరి నోటనైనా పడి, ఎప్పుడో ఒకప్పుడు ఆ కిటికీలోంచి లోపలికి పోతాయని రాయించినవి.

"నువ్వు చెప్పు," అన్నాడు ఎస్సై సాల్మన్‌వైపు తిరిగి. "ఆ ఒక్కరు ఎవరో నీకు తెలుసు. నీ మొహమే చెబుతోంది."

ఒక్క పేరు. చెబితే ఇద్దరూ ఇంటికి పోతారు. చెబితే జీపు దేశాయిపేటకు పోయి, పద్నాలుగు నెలలుగా వీధి చూడని మనిషిని పిలుచుకొస్తుంది. సాల్మన్ పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాడు.

"మీ ఖర్మ," అన్నాడు ఎస్సై. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. రాజమల్లు జీపు తాళాలు అందుకున్నాడు.

అప్పుడు వీధిలోంచి ఒక ఆడగొంతు వినపడింది. సాల్మన్‌కు బాగా తెలిసిన గొంతు, దేశాయిపేటలో నాలుగు వీధుల అవతలికి కూడా తెలిసిన గొంతు.

"జర జరుగుండ్రి! జరుగుండ్రయ్యా, బాలింత వస్తాంది!"

ఠాణా ముందు సైకిళ్లు పక్కకు జరిగాయి. బీడీ తాగుతున్నవాళ్లు బీడీలు పారేశారు. బాలింత అంటే దారి ఇవ్వని మనిషి ఆ ఊళ్లో లేడు. మొగిలమ్మ ముందు, ఆమె చెయ్యి పట్టుకుని మార్తమ్మ వెనక. తలకు గుడ్డ గట్టిగా చుట్టి, చెవుల్లో దూది పెట్టుకుని, ఆగస్టు ఉక్కలో ఒంటినిండా దుప్పటి కప్పుకుని, ఇరవై ఒకటో రోజు బాలింత ఎట్లా బయటికి వస్తుందో అట్లాగే వస్తోంది. ఒళ్లో మాత్రం ఏమీ లేదు. ఎండకు కళ్లు చికిలిస్తోంది. రెండు మైళ్లు నడిచి వచ్చింది.

ఎస్సై తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. "కుర్చీ వెయ్యి," అన్నాడు రాజమల్లుతో.

మార్తమ్మ కూర్చోలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు నిలబడినట్టు రెండు చేతులూ కట్టుకుని నిలబడింది.

"నా పేరు మార్తమ్మ. నేను చెప్పే సాక్ష్యం ఏందంటే సార్, గోడ మీద రాసింది నా కోసం. ఇయ్యాల పొద్దుగాల మా ఆయనను పట్టుకపోయినంక వాడంత చెప్పుకుంటాంటే కిటికీల నుంచి విన్న. మేలుకో, గడప దాటు, నీ రోజు వచ్చింది అని రాసిన్రట. ఎవరికో రాసిన్రని అందరు భయపడుతాన్రు. నాకు రాసిన్రని నాకు ఎర్కైంది." ఆమె ఊపిరి తీసుకుంది. "ఈ సారు నాకేం నేర్పలే. ఎక్కడికి పోవాలెనమ్మా అని అడిగిండు. ఎనిమిది వారాలు అదొక్కటే అడిగిండు. జవాబు చెప్పకపోతే తిట్టలే. నా తిక్కకు ఇంకొకరైతే లేచి పోదురు. మా ఆయన ఆదివారం కుంచె పట్టడు, అది గూడ నిజమే. పట్టమని నేనే ఎన్నిసార్లు కొట్లాడిన్నో వాడల అడుగుండ్రి."

మొగిలమ్మ ఊరుకోలేకపోయింది. "నేను పోయి తోలుకచ్చిన అనుకునేరు సారూ. లే! ఆమెనే నా చెయ్యి పట్టుకొని, 'అవ్వా, నన్ను గడప దాటియ్యి' అన్నది. చేతుల బిడ్డ లేదని పద్నాలుగు నెలలు ఆ చెయ్యి పట్టకపోతిమి. ఇంత పెద్దదాన్ని, నాకు తెల్వద్దా?" అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఎస్సై కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకున్నాడు. తర్వాత గట్టిగా గొంతు సవరించుకున్నాడు. "పొద్దు గూకేలోపల పదకొండు గోడలకూ పేరూ, అడ్రసూ పడాలి. రాజమల్లూ, నువ్వు వెంట ఉండు. ఒక్క గోడ మిగిలినా మళ్లీ అందరూ ఇక్కడే."

బయటికి వచ్చాక కిషన్ రావు కోటు సర్దుకున్నాడు. మధ్యలో ఊచలూ గడపా లేకుండా ఆయనా మార్తమ్మా ఎదురెదురుగా నిలబడటం అదే మొదటిసారి. ఆయన ఎప్పటిలాగే అడిగాడు: "ఎక్కడికి పోవాలెనమ్మా?"

"ములుగు రోడ్డు దిక్కు, సమాధుల తోటకు," అంది మార్తమ్మ. "నా బిడ్డ ఎక్కడున్నదో నేను చూడలే సార్."

"గోడలు..." అనబోయాడు రాజమల్లు.

"గోడలు యాడికీ పోవు," అంది మొగిలమ్మ.

రెండు రిక్షాలు మాట్లాడారు. రాజమల్లు సైకిల్ మీద వెనకాలే వచ్చాడు. దారిలో కిషన్ రావు రిక్షా పక్కకు వచ్చి, అటూ ఇటూ చూసి, "ఆ గంట... పోలీసోళ్లకు గూడ ఇస్తరా సార్?" అని మెల్లగా అడిగాడు.

"ఏ రోజు ఖాళీ ఉంటవ్?" అన్నాడు కిషన్ రావు.

తోటలో గోడ వారన, వేపచెట్టు నీడలో చిన్న దిబ్బ. దానిమీద జానెడు చెక్క సిలువ. సిలువ మీద ఏమీ రాసి లేదు. బాప్తిస్మానికి ముందే పోయిన బిడ్డకు పేరు పెట్టలేదు. ఊళ్లోని దుకాణాలన్నిటి పేర్లూ రాసిన సాల్మన్ ఆ చెక్కను మాత్రం ఖాళీగా నాటి, ఆ తర్వాత ఒక్కసారి కూడా అటు రాలేకపోయాడు.

మార్తమ్మ దిబ్బ పక్కన కూలబడింది. ఏడుస్తుందని సాల్మన్ అనుకున్నాడు. ఏడవలేదు. గడ్డి పీకింది. మట్టి సాపు చేసింది. చాలాసేపటికి, "సువార్త," అంది. "మా అమ్మ పేరు. కడుపుల ఉన్నప్పుడే అనుకున్న. రాయి."

సాల్మన్ నీలం డబ్బా మూత తీశాడు. సాక్ష్యమని పొద్దున్నుంచీ చేతిలోనే ఉంచిన డబ్బా. నిలువెత్తు అక్షరాలు అలవాటైన చెయ్యి, బొటనవేలంత అక్షరాలు మొదలుపెట్టింది.

తోట గేటు దగ్గర రాజమల్లు గడియారం చూసుకుంటూ, "పదకొండు గోడలున్నయి సార్, జర తొందర..." అన్నాడు.

"జర ఆగుండ్రి," అన్నాడు కిషన్ రావు. "ఈ బండికి టైం లేదు."

మొగిలమ్మ వేపచెట్టు మొదట్లో కూర్చుని వక్కాకు నములుతోంది. మార్తమ్మ తలకు చుట్టిన గుడ్డ విప్పింది. చెవుల్లోంచి దూది తీసింది. తీసి, కుంచె తుడుచుకోవడానికి పనికొస్తుందని మొగుడి మోకాలి మీద పెట్టి, వంగి చూసింది.

"అక్షరం వంకర పోతాంది," అంది. "ఊరందరికి మంచిగ రాస్తవు. నా బిడ్డకు గూడ మంచిగ రాయి."